కార్డు వెనక వైపు

హాకీ ఆటగాళ్ళ బొమ్మలున్న అట్టముక్కల మీద సాహిత్య పత్రికకు వ్యాసమేమిటని ఎవరైనా అడగొచ్చు. నేను కార్డును ఒక రచనగానే చూస్తున్నాను. ముందు వైపు ఒక మనిషి బొమ్మ, వెనక వైపు ఆ మనిషి జీవితం పది లైన్లలో. పుట్టిన ఊరు, ఎత్తు, బరువు, ఏ సంవత్సరం ఏ జట్టుకు ఆడాడు, ఎన్ని ఆటలు, ఎన్ని గోల్స్. ఇంతకంటే కురచ జీవిత చరిత్ర ఇంకొకటి ఉండదేమో. ఏది చేర్చాలి, ఏది వదిలెయ్యాలి అని ఎవరో కూర్చుని నిర్ణయించి అచ్చు వేస్తారు. ఆ నిర్ణయం చేసిన వాళ్ళ చూపు ఎటువంటిదో కార్డు వెనక వైపు చదివితే తెలుస్తుంది. కథల్నీ, స్వీయచరిత్రల్నీ ఈ ప్రశ్నతో చదవడం మనకు అలవాటే. అదే ప్రశ్నతో ఈ అట్టముక్కను కూడా చదవొచ్చు.

ఈ కార్డుల పుట్టుకలోనే జెండర్ ఉంది. 1910 ప్రాంతంలో కెనడాలో ఇంపీరియల్ టొబాకో కంపెనీ సిగరెట్ పెట్టెల్లో ఐస్ హాకీ ఆటగాళ్ళ బొమ్మలు పెట్టింది. సిగరెట్ కొనేది మగవాళ్ళు, బొమ్మలోని వాళ్ళూ మగవాళ్ళే. తర్వాత సిగరెట్ పోయి బబుల్‌గమ్ వచ్చింది, బొమ్మ తండ్రి జేబులోంచి కొడుకు జేబులోకి మారింది. ఓ-పీ-చీ అనే మిఠాయి కంపెనీ 1979లో వేసిన వేన్ గ్రెట్‌స్కీ తొలి కార్డు ఒకటి 2021లో 37 లక్షల 50 వేల డాలర్లకు అమ్ముడుపోయింది. ఇప్పుడు గమ్మూ లేదు, సిగరెట్టూ లేదు, కార్డే సరుకు. సీలు వేసిన పెట్టె కొనాలి. లోపల ఎవరున్నారో తెరిచేదాకా తెలియదు. ఆట వస్తువు అంటారు గాని లాటరీ టికెట్‌కు ఇది దగ్గరి చుట్టం.

అలాంటి పెట్టె ఒకటి వేసవి సెలవుల్లో బి.కొత్తకోటలో మా ఇంటి వరండాలో తెరిచారు. మా అక్క మనవడు టొరంటో నుంచి తెచ్చుకున్నాడు. చలి అంటే హార్స్‌లీ కొండ గాలి తప్ప ఎరగని ఊళ్ళో మంచు మీద ఆడే ఆట తాలూకు కార్డులు! పన్నెండు ప్యాకెట్లు, ప్యాకెట్‌కు పన్నెండు కార్డులు. వాడు ఒక్కో ప్యాకెట్ చించి, వేలిముద్ర పడకుండా అంచులు పట్టుకుని, గబగబా తిప్పేస్తూ పోయాడు. ముఖాలు చూడటం లేదు, మెరుపు కోసం వెతుకుతున్నాడు. అంచులో తళుకు కనిపిస్తే ప్లాస్టిక్ తొడుగులోకి, లేకపోతే పక్కనున్న కుప్పలోకి. కుప్పలో పడ్డవాటిని వాడు 'కామన్స్' అన్నాడు. మామూలువి. అందులో ఉన్నవాళ్ళంతా ప్రపంచంలోకెల్లా పెద్ద లీగులో ఆడే మగధీరులే, అయినా మామూలువాళ్ళు.

వాడు ముచ్చటపడి తొడుగుల్లో పెట్టుకున్నవాటికి 'యంగ్ గన్స్' అని పేరు. అప్పర్ డెక్ కంపెనీ 1990 నుంచీ కొత్తగా లీగులోకి వచ్చిన కుర్రవాళ్ళ కార్డుల్ని ఆ పేరుతో వేస్తోంది. యువ తుపాకులు. పద్దెనిమిదేళ్ళ కుర్రవాడిని తుపాకీ అని పిలవడం ఆ భాషలో పొగడ్త. ఆ పేరు వాడికి వింతగా అనిపించలేదు, అనిపించాలని నేను ఆశించలేదు కూడా. మన సినిమా పోస్టర్ల కింద పెరిగిన పిల్లలకు మాత్రం అనిపిస్తుందా?

వరండాలో చేరిన పిల్లల్లో ఎదురింటి అమ్మాయి ఉంది. ఎనిమిదో తరగతి, బడిలో కబడ్డీ ఆడుతుంది. ఆ పిల్ల పడేసిన కుప్పను ఒళ్ళో పెట్టుకుని ఒక్కొక్కటీ నిదానంగా చూసింది. 'అవ్వా, ఇన్నిట్లో ఆడోళ్ళు ఒగరు గూడా లేరే?' అంది. నేనూ చూశాను. నూట నలభై నాలుగింటిలో ఒక్కరూ లేరు. 'ఇది మెన్స్ లీగ్ కదా' అన్నాడు మావాడు. సరైన జవాబే. 'మరి ఆడోళ్ళది యాడుంది?' అంది ఆ పిల్ల. ఆడవాళ్ళ వృత్తి లీగు పీడబ్ల్యూహెచ్‌ఎల్ 2024 జనవరిలో మొదలైంది, వాళ్ళకూ కార్డులు వచ్చాయి, కాకపోతే వాటి పెట్టె వేరు. పత్రికలు ఏడాది పొడుగునా సంచికలు వేసి మార్చిలో ఒక మహిళా ప్రత్యేక సంచిక వేస్తాయే, ఆ పద్ధతి. మొదటి దానికి 'పురుష సంచిక' అని ఎవరూ పేరు పెట్టరు.

సేకరించడం, జత చూసుకోవడం, మార్చుకోవడం మన పిల్లలకు కొత్తేం కాదు. మా తరంలో మగపిల్లలకు అగ్గిపెట్టె పటాలుండేవి. శివకాశి నుంచి వచ్చే పెట్టెల మీది బొమ్మను తడిపి జాగ్రత్తగా ఊడదీసి నోటుపుస్తకాల్లో దాచేవాళ్ళు. అరుదైన పటం ఒకటిస్తే మామూలు పటాలు గుప్పెడు వచ్చేవి. ఎనభైల చివర బిగ్ ఫన్ బబుల్‌గమ్‌తో క్రికెటర్ల బొమ్మలొచ్చాయి. ఆ తర్వాత కుస్తీవీరుల ట్రంప్ కార్డులు. ఎత్తు, బరువు, ఛాతీ, కండల చుట్టుకొలత, ఎన్ని కుస్తీలు పట్టాడు, ఎన్ని గెలిచాడు అని అంకెలుండేవి. నీ కార్డులో ఛాతీ ఎంత, నా కార్డులో ఎంత అని అరుచుకోవడమే ఆట. బడ్డీకొట్లో రెండు మూడు రూపాయలకు దొరికే ఆ కట్ట మగతనాన్ని అంకెల్లోకి మార్చి పదేళ్ళ పిల్లలకు కంఠతా పట్టించింది. దాని మీద ఏ పరిశోధకురాలైనా పనిచేస్తే బాగుంటుంది.

ఆడపిల్లలు దాచుకున్నవి వేరు. పగిలిన గాజుపెంకులు, పుస్తకంలో నెమలీక, చింతగింజలు, సినిమా పాటలు రాసుకున్న నోటుపుస్తకం. వాటిలో పోటీ లేదు, వాటి మీద అంకెలు లేవు. ఇది చూసి ఆడపిల్లల లోకం ఎంత సాత్వికమో అని మురిసిపోయే వ్యాసాలు కొన్ని చదివాను. నాకు ఆ మురిపెం లేదు. వాళ్ళ చేతిలో డబ్బులుండేవి కావు, సాయంత్రం వీధిలో నిలబడి బేరాలాడే వీలుండేది కాదు. కొనక్కర్లేనివీ, ఇంట్లోనే దొరికేవీ దాచుకున్నారు. గాజుపెంకు వాళ్ళు కోరుకున్నదని ఎలా అనగలం?

ఈ కార్డుల లోకంలో ఆడవాళ్ళు కనిపించే చోటు ఒకటుంది, అది కార్డు మీద కాదు, సేకరించే మగవాళ్ళ పాత కబుర్లలో. 'నా దగ్గరా ఆ కార్డు ఉండేది, మా అమ్మ పారేసింది' అనేది ఉత్తర అమెరికాలో తాతల నుంచి మనవళ్ళ దాకా చెప్పుకునే జోకు. కొడుకు కాలేజీకి వెళ్ళాక తల్లి గది సర్దుతూ చెప్పుల పెట్టెడు కార్డులు చెత్తలో వేసింది, అవే ఇవాళ ఉంటే లక్షలు! తల్లి అజ్ఞానం మీద అందరూ నవ్వుతారు. కానీ కాస్త ఆలోచిస్తే, పాత కార్డుకు ధర ఎందుకొచ్చింది? అందరూ దాచుకుని ఉంటే ఎవరూ కొనరు. ఇల్లిల్లూ తిరిగి ఎవరో చాలావాటిని పారేశారు కాబట్టే మిగిలినవి అరుదయ్యాయి. అంటే ఆ ధరలో తల్లుల ఇంటిపని ఉంది. ఇంటి చాకిరీ సరుకు విలువను పెంచుతుందని మన రాజకీయార్థిక వ్యాసాల్లో ఎంతో కష్టపడి నిరూపిస్తూ వచ్చాం. ఇక్కడ ఆ ఉదాహరణ జోకు రూపంలో సిద్ధంగా ఉంది. వేలంపాటలో ఆ తల్లికి వాటా లేదు సరే, కనీసం ధన్యవాదం కూడా లేదు.

కార్డుల వెనక అంకెల్ని మళ్ళీ చూద్దాం. నన్ను ఎక్కువసేపు కూర్చోబెట్టినవి గోల్‌కీపర్ల కార్డులు. మిగతావాళ్ళు ముఖం చూపిస్తారు, కీపర్ ముఖం మాస్కు వెనక ఉంటుంది. బొమ్మ చూసి మనిషిని పోల్చుకోలేం. వెనక వైపు చూస్తే ఇంకా చిత్రం. గోల్ వేసేవాడికి వేసిన ప్రతి గోల్ లెక్క ఉంటుంది. కీపర్ పని గోల్ ఆపడం. ఆ లీగు 1917లో మొదలైంది. ఎన్ని కొట్టారు, అందులో ఎన్ని ఆపాడు అనే శాతాన్ని అధికారిక లెక్కల్లోకి తీసుకున్నది 1982-83 సీజన్‌లో. అరవయ్యయిదేళ్ళ పాటు కీపర్ బాగోగుల్ని ప్రధానంగా గెలుపు ఓటములతోనూ, వదిలేసిన గోల్స్‌తోనూ కొలిచారు. అతను చేసిన పనికి గడి లేదు, చెయ్యలేకపోయిన పనికి ఉంది.

ఇది మనకు తెలియని సంగతా? కూరలో ఉప్పు తక్కువైన రోజే వంట మనిషి గుర్తొస్తుంది. పిల్లవాడు తప్పిన రోజే తల్లి పెంపకం చర్చకొస్తుంది. మన దేశంలో ఇంటిపనికి గడి గీసి దేశమంతటా లెక్కపెట్టింది 2019 నాటి కాలవినియోగ సర్వేలోనే. జీతం లేని ఇంటిపని చేసే ఆడవాళ్ళు రోజుకు సగటున 299 నిమిషాలు దాని మీద పెడుతున్నారని, ఆ పని చేసే మగవాళ్ళు 97 నిమిషాలని తేలింది. ఆ 299 నిమిషాలు 2019లో పుట్టినవి కావు. గడి ఆ ఏడాది వచ్చింది, అంతే. ఐస్ హాకీ వాళ్ళు మెచ్చుకోదగ్గ పని ఒకటి చేశారు. గడి పెట్టి ఊరుకోకుండా, పాత ఆటల స్కోరు కాగితాలు వెతికి, అప్పటికే రిటైరైన, చనిపోయిన కీపర్లకు కూడా వెనక్కి వెళ్ళి లెక్క కట్టారు. స్త్రీల చరిత్రలో మనం చేస్తున్నది కూడా ఇలాంటి పనే.

ఆ లీగులో ఒక ఆడమనిషి ఒక సాయంత్రం నిలబడింది, అదీ కీపర్‌గానే. 1992 సెప్టెంబర్ 23న మానోన్ రియోమ్ అనే ఇరవయ్యేళ్ళ క్విబెక్ అమ్మాయి టాంపా బే జట్టు తరఫున సెయింట్ లూయిస్ మీద సన్నాహక ఆటలో ఒక పీరియడ్ ఆడింది. తొమ్మిది షాట్లు వచ్చాయి, ఏడు ఆపింది, రెండు పోయాయి. ప్రచారం కోసమే తీసుకున్నామని జట్టు మేనేజర్ ఫిల్ ఎస్పోసిటో దాపరికం లేకుండా చెప్పాడు. ప్లేబాయ్ పత్రిక నగ్నచిత్రాలకు డబ్బిస్తామంటే ఆమె వద్దంది. క్లాసిక్ అనే కంపెనీ వేసిన ఆమె కార్డు కోసం జనం ఎగబడ్డారు. అయినా ఆ జట్టుకు లీగు ఆట ఒక్కటీ ఆడనివ్వలేదు. 1998 నగానో ఒలింపిక్స్‌లో మహిళల ఐస్ హాకీని మొదటిసారి చేర్చినప్పుడు కెనడా జట్టులో ఆమె వెండి పతకం అందుకుంది. ఆ సంగతి చాలామందికి పట్టలేదు. ఇరవై నిమిషాల 'తొలి మహిళ' మాత్రం ఇప్పటికీ అమ్ముడుపోతోంది.

'తొలి' అనే మాట దగ్గర మన సంగతి కూడా మాట్లాడుకోవాలి. సేకరించేవాళ్ళకు ఒక ఆటగాడి మొదటి ఏడాది కార్డే విలువైనది. తర్వాత పదిహేనేళ్ళు అతనెంత గొప్పగా ఆడినా ఆ కార్డులు దాని ముందు మామూలువే. స్త్రీల సాహిత్యం విషయంలో మనమూ తెలియకుండా ఇదే వ్యాపారంలో పడ్డామని నా అనుమానం. భండారు అచ్చమాంబ పేరెత్తగానే ఏం మాట్లాడతాం? 1902 నాటి 'ధనత్రయోదశి' ముందా, 1910 నాటి 'దిద్దుబాటు' ముందా అని. ఆ వాదం అవసరమే, నేనూ క్లాసులో ఏళ్ళ తరబడి వాదించాను. కాని ఆ ఎనిమిదేళ్ళ తేడా రుజువు చేశాక కథలోకి వెళ్ళినవాళ్ళు ఎంతమంది? ఆ కథలో భార్య మాట్లాడే తీరు, పేదరికంలో భర్తకు తప్పు దారిలో సంపాదించే ఆశ పుట్టినప్పుడు ఆమె నిలబడిన తీరు, దాన్ని అచ్చమాంబ పతివ్రతా ధర్మం చట్రంలోనే నడిపిన తీరు, వీటి మీద వ్యాసాలు తక్కువ. తొలి కార్డును తొడుగులో పెట్టుకున్నాం, తీసి చదవడం లేదు.

అచ్చమాంబ స్వయంగా ఒక పెట్టె తయారు చేసింది. 'అబలా సచ్చరిత్ర రత్నమాల' మొదటి భాగం 1901లో వచ్చింది. దేశంలోని స్త్రీల జీవితాల్ని ఏరి ఒక్కొక్కరికీ కొన్ని పేజీలిచ్చిన పుస్తకం. స్త్రీలు అబలలు, వివేకం లేనివాళ్ళు అన్న మాట తప్పని చూపించడం ఆమె ఉద్దేశం. ముప్ఫయ్యొకటో ఏట, 1905లో ఆమె చనిపోయింది, తలపెట్టిన పని పూర్తి కాలేదు. సరిగ్గా వందేళ్ళకు, 2001లో, వోల్గా, వసంత కన్నబిరాన్, కల్పన కన్నబిరాన్ కలిసి అస్మిత నుంచి 'మహిళావరణం' తెచ్చారు. భరత్ భూషణ్ తీసిన ఫోటోలు, పక్కన జీవితం. రెండూ మన భాషకు గర్వకారణాలే. రెంటిలోనూ బొమ్మకూ బతుకుకూ మధ్య కేటాయించిన చోటు తక్కువ, ఆ రూపానికి ఆ పరిమితి ఉంది. దాన్ని తప్పు పట్టను. ఆ పుస్తకాలు చదివి ఎదిగిన మనం ఆ చిన్న చోటులోకి ఏం తోస్తున్నామన్నదే నా ప్రశ్న. నిరుడు ఒక స్మారక సంచిక కోసం రచయిత్రుల పరిచయాలు సరిచూసే పని నాకు పడింది. పుట్టిన తేదీ, డిగ్రీలు, పుస్తకాల సంఖ్య, అవార్డులు. భర్త పేరు లేని పరిచయాలు రెండే. ఒకామె ముప్ఫయ్యేళ్ళు ఒక చిన్న పత్రికకు ప్రూఫులు దిద్దింది, చందాల కోసం ఊరూరూ తిరిగింది, కొత్తగా రాసే అమ్మాయిల ఉత్తరాలకు జవాబులు రాసింది. ఆమె పరిచయం రెండు లైన్లు. పుస్తకాలు: ఒకటి.

మా ప్రాంతం కవయిత్రి సంగతి ఇంతకంటే విచిత్రం. గుర్రంకొండ దగ్గరి తరిగొండలో పుట్టిన వెంగమాంబ ద్విపదలూ యక్షగానాలూ రాసిన మనిషి, పద్దెనిమిదో శతాబ్దంలో వితంతువుగా జుట్టు తీయించుకోనని ఎదురు తిరిగిందని ఆమె కథ చెప్పేవాళ్ళందరూ చెబుతారు. ఆమె ముఖం ఎలా ఉండేదో ఎవరూ చూడలేదు, అందుకని కళాకారులు తలా ఒక భక్తురాలిని గీశారు. తిరుమలలో పెద్ద భోజనశాలకు ఆమె పేరు పెట్టారు. లక్షలమంది ఆ పేరు చదువుకుంటూ లోపలికి వెళ్ళి కడుపు నిండా తిని వస్తారు. కవయిత్రిని గుర్తు పెట్టుకోవడానికి మనకు వంటిల్లే తోచింది.

కార్డు రూపాన్ని దాటి వెళ్ళిన పుస్తకం ఒకటి మన దగ్గరుంది. 1986లో స్త్రీశక్తి సంఘటన తెచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర'. తెలంగాణ సాయుధ పోరాటంలో ఉన్న ఆడవాళ్ళను కూర్చోబెట్టి మాట్లాడించారు. వాళ్ళలో చాలామంది తుపాకీ పట్టినవాళ్ళు కారు. ఉత్తరాలు మోశారు, దళాలకు అన్నం వండారు, ఇంట్లో దాచారు, కన్నపిల్లల్ని వదిలి వెళ్ళారు, పోరాటం అయిపోయాక ఇంటికి వెళ్ళమంటే వెళ్ళారు. పార్టీ చరిత్రల్లో ఆ పనులకు గడి లేదు. పోరాట కాలపు రిజర్వు బలగం వాళ్ళు.

రిజర్వు అన్న ఆ మాటకు మా ప్రాంతంలోనే ఒక మనిషి ఉంది. మదనపల్లె నుంచి తిరుపతి వెళ్ళే బస్సు పీలేరు, భాకరాపేట మీదుగా పోతుంది. ఆ దారికి దగ్గర్లోనే ఎర్రావారిపాళెం మండలం. అక్కడి ఒక పల్లెలో 1990లో పుట్టిన ఎతిమరపు రజని భారత మహిళల హాకీ జట్టుకు గోల్‌కీపర్‌గా ఆడింది. ఇది మైదానం హాకీ, మంచుది కాదు, కాని కీపర్ కష్టం రెంటిలోనూ ఒకటే. 2016లో రియో ఒలింపిక్స్‌కు మన అమ్మాయిల జట్టు వెళ్ళింది. 1980 మాస్కో తర్వాత, అంటే ముప్ఫయ్యారేళ్ళకు. పదహారుమంది జట్టు, అందులో కీపర్ సవితా పునియా. రజని రిజర్వు. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్‌లో మళ్ళీ సవిత కీపర్, మళ్ళీ రజని రిజర్వు.

ఆ ఆగస్టు అందరికీ గుర్తుంది. 2వ తేదీన ఆస్ట్రేలియాను 1-0తో ఓడించారు. గుర్జీత్ కౌర్ పెనాల్టీ కార్నర్‌ను గోల్‌గా మార్చింది, సవిత చివరిదాకా అడ్డుకుంది. సెమీఫైనల్లో అర్జెంటీనా చేతిలో ఓడిన రోజు హరిద్వార్ దగ్గర వందనా కటారియా ఇంటి ముందు టపాసులు కాల్చి కులం పేరుతో తిట్టారు. అంతకు నాలుగు రోజుల ముందే ఆమె దక్షిణాఫ్రికా మీద మూడు గోల్స్ వేసింది. కార్డు మీదికి ఆ మూడు ఎక్కుతాయి, టపాసులు ఎక్కవు. చివరికి బ్రిటన్ మీద 3-4తో కాంస్యం చేజారి నాలుగో స్థానం దక్కింది. రజనికి రాష్ట్ర ప్రభుత్వం 25 లక్షలు ప్రకటించింది. మన పత్రికలు రాశాయి, ఫోటోలు వేశాయి. ఆ రాతలన్నీ దాదాపు ఒకే అచ్చు. వడ్రంగి కూతురు, పేదరికం, పల్లె, పట్టుదల, ఒలింపిక్స్. అమ్మాయి పేరూ ఆటా మార్చి ఎవరికైనా వాడుకోవచ్చు. పేదరికాన్ని దాటి వచ్చిన కథలో ఆట ఎక్కడ? మైదానంలో ఆమె ఏం చేస్తుంది?

రిజర్వు కీపర్ ఏం చేస్తుందో కాస్త వివరంగా చెప్పాలి, ఎవరూ రాయరు కాబట్టి. శిబిరంలో డ్రాగ్‌ఫ్లిక్ సాధన చెయ్యాలంటే ఎదురుగా గోల్‌లో ఎవరో నిలబడాలి. గంటకు వంద కిలోమీటర్లు దాటే బంతులు. మొదటి కీపర్ ఒక్కతే రోజంతా అన్నీ తినలేదు, తినకూడదు కూడా, ఆట రోజుకు ఆమె మిగలాలి. అందుకని మిగతావి రెండో కీపర్ తింటుంది. అందరితో పాటు నిద్ర లేస్తుంది, అదే తిండి, అదే పరుగు, ఇంటికి దూరంగా అన్నే నెలలు. ముందు వరసలో ఆడేవాళ్ళను ఆట మధ్యలో ఎన్నిసార్లయినా మారుస్తారు, కీపర్‌ను గాయమైతే తప్ప మార్చడం అరుదు. అంటే తన తోటి ఆటగత్తె కాలో చెయ్యో విరిగితే తప్ప తనకు ఆట రాదు. అలా జరగకూడదని మనస్ఫూర్తిగా కోరుకుంటూనే, జరిగిన నిమిషంలో దిగడానికి సిద్ధంగా ఉండాలి. ఇంట్లో పెద్దకూతుళ్ళు, పెళ్ళికాని మేనత్తలు, ఊళ్ళో బాలింతల దగ్గరికి పిలిపించుకునే చుట్టాలు ఈ స్థితిని ఎరుగుదురు. ఆటలో దీన్ని కనీసం రిజర్వు అని పేరు పెట్టి జాబితాలో చివర రాస్తారు.

ఆస్ట్రేలియా మీద గుర్జీత్ వేసిన గోల్ పక్కన ఒక పేరుంది. ఆ దెబ్బకు పదును పెట్టిన శిబిరాల్లో ఎదురు నిలబడి ఒంటి మీద తగిలించుకున్న వాళ్ళ పేర్లు లేవు. సాయంత్రాలు వెనక్కి తిప్పి ఎవరైనా లెక్క కడతారా? స్కోరు కాగితమైతే ఉండదు. మాట్లాడించాలి. 'మనకు తెలియని మన చరిత్ర' వాళ్ళు చేసినట్టు చాప వేసుకుని కూర్చుని అడగాలి. ఎక్కడెక్కడ దెబ్బలు తగిలాయి, నెలసరి రోజుల్లో ఆ బరువైన ప్యాడ్లు కట్టుకుని ఎట్లా నిలబడ్డావు, పద్దెనిమిది ఇరవయ్యేళ్ళప్పుడు పెళ్ళి మాట వచ్చిందా, ఎవరు ఆపారు, టోక్యోలో ఆట జరుగుతుంటే నువ్వెక్కడ కూర్చున్నావు? విలేఖరులు ఈ ప్రశ్నలు అడగరు. మన విశ్వవిద్యాలయాల స్త్రీ అధ్యయన విభాగాల నుంచి అడగొచ్చు. తిరుపతిలో అమ్మాయిల కోసమే ఒక విశ్వవిద్యాలయం ఉంది, ఎర్రావారిపాళేనికి బస్సు దూరం.

2024 జనవరి 19న రాంచీలో జపాన్ చేతిలో 0-1తో ఓడి మన అమ్మాయిల జట్టు పారిస్ ఒలింపిక్స్‌కు అర్హత పోగొట్టుకుంది. వారం రోజులు పత్రికల నిండా అదే. అదే వారంలో ఒమన్ రాజధాని మస్కట్‌లో ఐదుగురు ఆడే హాకీలో మొట్టమొదటి మహిళల ప్రపంచ కప్ జరిగింది. భారత జట్టుకు కెప్టెన్ రజని. రెండు ఒలింపిక్స్ రిజర్వుగా గడిపిన మనిషి, ముప్ఫయి మూడేళ్ళ వయసులో, మాస్కు పెట్టుకుని, గోల్ ముందు నిలబడి జట్టును నడిపించి ఫైనల్ దాకా తీసుకెళ్ళింది. జనవరి 27న ఫైనల్లో నెదర్లాండ్స్ 7-2తో గెలిచింది, మనకు వెండి పతకం. రజని కార్డు ఎవరైనా వేస్తే, ఇప్పుడున్న గడుల ప్రకారం, వెనక వైపు ఆ ఏడే అచ్చవుతుంది.